పంచాంగం చూసి టెలిస్కోప్ బయటికి తీయండి: ఊళ్ళో ఖగోళ క్లబ్బు నడిపే పద్ధతి

మా క్లబ్బు మొట్టమొదటి కార్యక్రమం పౌర్ణమి నాడు పెట్టాం. చంద్రుడు నిండుగా ఉంటాడు, జనానికి బాగా కనపడతాడు అనుకున్నాం. ఒక స్కూలు గ్రౌండ్ అడిగాం, ఇచ్చారు. రెండొందల మంది వచ్చారు. మా దగ్గరున్నది ఒక్కటే టెలిస్కోప్. ఫ్లడ్ లైట్లు ఎవరు ఆపాలో ఎవరికీ తెలియదు. క్యూలో గంటన్నర నిలబడి వచ్చిన పెద్దాయన కన్ను పెట్టి, వెంటనే తీసేసి, "ఏముంది బాబూ, ట్యూబ్ లైటు చూసినట్టుంది" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పౌర్ణమి చంద్రుడి మీద సూర్యుడి వెలుగు ఎదురుగా పడుతుంది. నీడలుండవు. నీడలు లేకపోతే గుంటలు, కొండలు ఏవీ తేలవు. చూడ్డానికి పనికొచ్చే చంద్రుడు సగం చంద్రుడే. ఈ సంగతి తెలిసి కూడా, జనం వస్తారన్న ఆశతో పౌర్ణమికే ముహూర్తం పెట్టుకున్నాం.

కింద రాసిందంతా ఆ రాత్రి తర్వాత నేర్చుకున్నది. మీ ఊళ్ళో నలుగురైదుగురు ఉండి, ఓ క్లబ్బు మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. ఉన్న క్లబ్బు నీరసపడిపోయినా పనికొస్తుంది.

ముందు తేదీ, తర్వాత టెలిస్కోప్

కొత్తవాళ్ళు ముందు టెలిస్కోప్ కొంటారు, తర్వాత ఆదివారం చూసుకుని కార్యక్రమం పెడతారు. ఈ వరస తిరగెయ్యండి. ఇంట్లో గోడకి వేలాడే పంచాంగం క్యాలెండర్ తీసుకోండి. మనకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

శుద్ధ షష్ఠి నుంచి దశమి దాకా ఉన్న సాయంత్రాలు జనానికి చంద్రుణ్ణి చూపించే రోజులు. శుద్ధ అష్టమి అన్నిటికన్నా మేలు. చీకటి పడేసరికి సగం చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు, అర్ధరాత్రికి అస్తమిస్తాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు కత్తితో గీసినట్టు కనపడతాయి. ఆ గీత దగ్గర టెలిస్కోప్ ఆపితే చాలు, మీరేం చెప్పక్కర్లేదు, చూసేవాళ్ళే "అబ్బా" అంటారు.

పాలపుంత, నెబ్యులాలు (ఆకాశంలో వాయువు, ధూళి మేఘాలు), నక్షత్రాల గుంపులు చూపించాలంటే అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజులు. బహుళ పంచమి దాటాక చంద్రుడు దాదాపు రాత్రి పదింటికి గానీ రాడు కాబట్టి ముందు సగం రాత్రి మీ చేతిలోనే ఉంటుంది.

ఇక నెలల సంగతి. కోస్తాలో జూన్ నుంచి నవంబర్ దాకా మబ్బుని నమ్మడానికి లేదు. నైరుతి వెళ్ళిందనుకుంటే తుపాన్లు వస్తాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకానే మన సీజన్. తెలంగాణలో అక్టోబర్ చివరి నుంచే ఆకాశం విడుస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ క్లబ్బు పడుకోకుండా ఏం చెయ్యాలో కింద చెబుతాను.

మా అనుభవంలో ఏడాది మొత్తం మీద శివరాత్రిని మించిన రోజు లేదు. మాఘ బహుళ చతుర్దశి. అంటే అమావాస్యకి ముందు రాత్రి, చంద్రుడి అడ్డు లేదు. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది, వాన భయం తక్కువ. పైగా ఊరు ఊరంతా జాగరణ చేస్తూ మేలుకునే ఉంటుంది! మిగతా ఏ రాత్రి మీరు మైకులో అరిచినా పదింటికి జనం ఇళ్ళకి పోతారు. ఆ రాత్రి తెల్లవారుజాము నాలుగింటికి కూడా క్యూ ఉంటుంది. గుడి లైట్లకి దూరంగా, చెరువు గట్టు మీదో, కళ్ళంలోనో టెలిస్కోప్ పెట్టండి. గుడి పెద్దలకి ముందే చెప్పండి, వాళ్ళే మైకులో చెబుతారు. చీకటి పడగానే కృత్తిక, రోహిణి, మృగశిర పైనే ఉంటాయి. అర్ధరాత్రికి మఖ నడినెత్తికి చేరుతుంది, తూర్పున చిత్త, స్వాతి లేస్తాయి. నాలుగింటికి ఆగ్నేయంలో వృశ్చికం, ఎర్రగా జ్యేష్ఠ. ఒక్క రాత్రిలో సగానికి పైగా నక్షత్రాలు మనముందే నడిచిపోతాయి. జాగరణకి ఇంతకంటే కాలక్షేపం ఏముంటుంది?

టెలిస్కోప్ కొనేటప్పుడు

ఈ భాగం తొందరగా తేల్చేస్తాను. ఆరు అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ కొనండి, అంటే నేలమీద పెట్టె లాంటి తిరిగే స్టాండు మీద కూర్చునే అద్దం టెలిస్కోప్. డబ్బు సరిపోతే ఎనిమిది. అంతకన్నా పెద్దది ఆటోలో పట్టదు. డబ్బా మీద "525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది" అని రాసి, వణికే ట్రైపాడ్ మీద సన్న గొట్టంతో వచ్చేవి కొనకండి. ఎన్ని రెట్లు అన్నది కాదు, అద్దం ఎంత వెడల్పు అన్నది ముఖ్యం. వెలుగు పట్టే గిన్నె అది. మన గాలిలో 150, 200 రెట్లు దాటితే ఏదైనా సలసల కాగుతున్న నీళ్ళలోంచి చూసినట్టే ఉంటుంది.

రెట్లు లెక్కెయ్యడం తేలిక. ఫోకల్ లెంగ్త్ అంటే అద్దం గానీ కటకం గానీ వెలుగుని ఒకచోట చేర్చే దూరం. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 1200 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 పెడితే 120. ఈ రెండూ ఉంటే ఏడాది గడిచిపోతుంది.

డబ్బులు అస్సలు లేకపోతే 7×50 గానీ 10×50 గానీ బైనాక్యులర్స్ ఒక జత కొని మొదలుపెట్టండి. గురుడి చంద్రుల్ని అవి కూడా చూపిస్తాయి, చెయ్యి కదలకుండా గోడకి ఆనించి పట్టుకోగలిగితే. సొంత టెలిస్కోప్ లేకుండా రెండేళ్ళు నడిచిన క్లబ్బులున్నాయి, మాది కూడా దాదాపు అంతే. ఆ పౌర్ణమి నాటి టెలిస్కోప్ అరువు తెచ్చింది.

ఆ సాయంత్రం చెయ్యాల్సిన పనులు

వెలుతురు ఉండగానే గ్రౌండ్‌కి చేరండి. టెలిస్కోప్ బయటపెట్టి వదిలేయండి, అద్దం బయటి గాలి వేడికి సర్దుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఈలోగా దూరంగా ఉన్న సెల్ టవర్ చివరకి టెలిస్కోప్ తిప్పి, ఐపీస్‌లో అది మధ్యకి రాగానే, గురి చూసుకునే చిన్న గొట్టం అయిన ఫైండర్‌లో కూడా మధ్యకి వచ్చేలా మరలు సరిచెయ్యండి. చీకట్లో ఈ పని చెయ్యబోతే ఇరవై నిమిషాలు పోతాయి, వెనక క్యూలో ఉన్నవాళ్ళు సలహాలివ్వడం మొదలెడతారు. ఒక్క జాగ్రత్త: సూర్యుడు ఇంకా ఉండగా గొట్టాన్ని ఆ వైపు తిప్పకూడదు, పిల్లల్ని దగ్గర వదిలి టీకి వెళ్ళకూడదు.

వీధి దీపాలు. పంచాయతీ దీపాల స్విచ్ ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో ముందు రోజే కనుక్కోండి. సర్పంచ్‌ని అడిగితే సరే అంటాడు, ఆపాల్సింది మాత్రం లైన్‌మన్ గారో, ఆ పని చూసే కుర్రాడో. వాళ్ళనీ పిలవండి, మొదటి వరసలో వాళ్ళ పిల్లల్ని నిలబెట్టండి. ఆ తర్వాతి ఏడాది వాళ్ళే ఫోన్ చేసి "ఈసారి ఎప్పుడండీ" అని అడుగుతారు. రాత్రి జనం గుమిగూడతారు కాబట్టి పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచడం కూడా మంచిది.

ఎర్ర లైటు. చీకటికి అలవాటు పడ్డ కన్ను తెల్ల లైటు తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. అట్టలకి చుట్టే ఎర్ర జిలుగు కాగితం నాలుగు మడతలు పెట్టి టార్చికి రబ్బర్ బ్యాండ్‌తో కట్టండి. సెల్‌ఫోన్ టార్చీలే అసలు శత్రువులు. గేటు దగ్గర ఒక వాలంటీర్ పని అదొక్కటే, "ఫోన్ లైటు ఆపండి సార్" అనడం.

ఇప్పుడు క్యూ లెక్క. ఒక మనిషికి నిమిషం అనుకోండి. గంటకి అరవై మంది. రెండొందల మంది అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. చిన్నపిల్లలు, కళ్ళద్దాల వాళ్ళు, "ఏమీ కనపడట్లేదు" అనేవాళ్ళు కలిస్తే నాలుగు. అందుకే ఒక టెలిస్కోప్‌తో వంద మందికి మించి పిలవకండి. పిలవాల్సి వస్తే క్యూలో ఉన్నవాళ్ళకి వేరే పని కల్పించాలి. ఆకుపచ్చ లేజర్‌తో ఒకరు నక్షత్రాలు చూపిస్తూ మాట్లాడాలి. లేజర్ పిల్లల చేతికివ్వకండి, ఎవరి కంట్లోనూ పడకూడదు, విమానం కనపడితే వెంటనే ఆపెయ్యాలి.

టెలిస్కోప్ పక్కన ఒక కుర్చీ వెయ్యండి. కూర్చోడానికి కాదు, పట్టుకోడానికి. మనిషికి ఒంటికన్ను మూసి వంగగానే ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది. కుర్చీ లేకపోతే టెలిస్కోప్‌నే పట్టుకుంటారు, శని గ్రహం కాస్తా పక్క మండలానికి పోతుంది. పిల్లలకి చిన్న స్టూలు. దగ్గరి చూపు, దూరపు చూపు కళ్ళద్దాలు తీసేసి చూడొచ్చు, ఫోకస్ కొంచెం తిప్పితే సరిపోతుంది. మోటార్ లేని టెలిస్కోప్‌లో 120 రెట్ల దగ్గర గ్రహం మధ్యలోంచి అంచుకి రావడానికి నిమిషం కూడా పట్టదు, భూమి తిరుగుతోంది కదా. కాబట్టి ప్రతి మనిషి తర్వాతా మీరు చూసి, మధ్యకి తెచ్చి, అప్పుడు తర్వాతవారిని పిలవాలి. ఒక్కోసారి ఆ జరగడాన్నే చూపించండి: "కన్ను తియ్యకండి, అలాగే ఉండండి, అది జరుగుతోందా? జరుగుతోంది మనం." భూభ్రమణం గురించి పదేళ్ళు చదివిన కుర్రాడు కూడా అప్పుడే నమ్ముతాడు.

ఒక రాత్రికి మూడే మూడు

టెలిస్కోప్‌తో ఒక రాత్రికి మూడింటికి మించి చూపించొద్దు. ఇరవై చూపిస్తే ఇంటికెళ్ళాక ఒక్కటీ గుర్తుండదు. శుద్ధ అష్టమి అయితే చంద్రుడు, ఆ కాలంలో ఉన్న ఒక గ్రహం, ఒక జంట నక్షత్రం. అంతే.

గురుడు ఉంటే అతని నాలుగు పెద్ద చంద్రులు గీత గీసినట్టు ఒకే వరసలో కనపడతారు. 1610లో గెలీలియో చూసింది వాళ్ళనే. మొదటి గంటలో చూసినవాళ్ళని ఒక కాగితం మీద చుక్కలు పెట్టమనండి, పది దాటాక మళ్ళీ చూడమనండి. చుక్కలు జరిగి ఉంటాయి. శని ఉంటే ఇంకేం అక్కర్లేదు. వలయాలు 2025 మార్చిలో మనకి అంచు వైపు తిరిగి గీతలా సన్నబడ్డాయి, ఆ తర్వాత ఏటేటా విచ్చుకుంటూ 2032 దాకా పెద్దవవుతాయి.

శని చూపించిన ఒక రాత్రి జరిగింది చెప్పాలి. ఓ ముసలమ్మ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. కన్ను పెట్టే ముందు చెప్పులు విడిచింది. చాలాసేపు చూసింది. వెనక వాళ్ళు సణుగుతున్నారు. కన్ను తీసి, "ఈయనేనా నాయనా శనీశ్వరుడు?" అంది. అవునమ్మా అన్నాను. "ఇంత చిన్నవాడు, ఇంత ముద్దుగా ఉన్నాడు, ఇన్నాళ్ళూ ఈయనకా నేను భయపడింది" అని నవ్వుకుంటూ, ఓ దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. మా కుర్రాళ్ళలో ఒకడు జాతకాల మీద ఉపన్యాసం మొదలుపెట్టబోతే నేనే ఆపాను. టెలిస్కోప్ దగ్గర వాదన పెట్టకండి. చూపించండి, అడిగినదానికి జవాబు చెప్పండి, తర్వాతవారిని పిలవండి.

మన జనానికి తెలిసిన పేర్లతోనే మొదలుపెట్టండి

మన ఊళ్ళో ఓరియన్, ప్లియడీస్ అంటే ఎవరికీ పట్టదు. కృత్తిక అంటే "మా అమ్మాయిది కృత్తికే" అని ముందుకొస్తారు. నక్షత్రాల పేర్లు మన ఇళ్ళలో రోజూ నలిగేవే, ఆకాశంలో ఎక్కడున్నాయో మాత్రం తెలియదు. కృత్తిక అంటే పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు. దాని పక్కన ఎర్రటి చుక్క రోహిణి. మృగశిర కింద ఎర్రగా మెరిసేది ఆరుద్ర. జంటగా ఉన్నవి పునర్వసు. ఎవరి జన్మ నక్షత్రం వాళ్ళకి చూపించడం మాకు బాగా కలిసొచ్చిన పద్ధతి. ఐదు నిమిషాల్లో పాతిక మంది మెడలు పైకెత్తుతారు.

పెళ్ళిలో అందరూ తలూపి, ఎవరూ చూడని అరుంధతిని నిజంగా చూపించండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. తోకలో మధ్య నక్షత్రం వసిష్ఠుడు, ఆనుకుని మసగ్గా ఉన్న చిన్న చుక్క అరుంధతి. చూపు బాగున్నవాళ్ళకి మామూలు కంటికే దొరుకుతుంది. ఇప్పుడు టెలిస్కోప్ తిప్పండి. అరుంధతి దూరంగా జరిగిపోతుంది, వసిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరు! ఈ సంగతి చెప్పగానే క్యూలో భార్యాభర్తల మధ్య నడిచే సంభాషణ వినదగ్గది. మండలం కొసనున్న క్రతు, పులహ నక్షత్రాల మీదుగా గీత పొడిగిస్తే ధ్రువుడు. చెయ్యి చాచి పిడికిలి పడితే దాదాపు పది డిగ్రీలు. గుంటూరులో ధ్రువుడు నేలా ఆకాశం కలిసే గీత నుంచి పిడికిలిన్నర పైన ఉంటాడు, ఎందుకంటే గుంటూరు అక్షాంశం పదహారు. మీ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ అంతే.

రైతులకి కార్తెలు చెప్పండి. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనని ఇల్లు లేదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరున్న పదమూడు పద్నాలుగు రోజులు. అందుకే మృగశిర కార్తెలో మృగశిర కనపడదు, ఎండ వెనకాల ఉంటుంది. ఈ మాట విని "మరి నలభై ఏళ్ళుగా నేను చెప్పిన కార్తెల్లో ఒక్క చుక్కనీ చూడలేదన్నమాట" అన్నాడు ఓ రైతు. కార్తీక మాసానికి ఆ పేరెందుకో కూడా అలాగే చూపించొచ్చు. కార్తీక పౌర్ణమి రాత్రి, దీపాలు పెట్టొచ్చాక, చంద్రుడి చుట్టుపక్కల బైనాక్యులర్స్‌తో వెతకండి, కృత్తిక దొరుకుతుంది. చైత్రం చిత్త, వైశాఖం విశాఖ, అన్నీ అంతే. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చి మళ్ళీ 2027లో ఎందుకొస్తున్నాయో గురుణ్ణి చూపిస్తూ చెప్పండి: సూర్యుడి చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికి అతనికి దాదాపు పన్నెండేళ్ళు పడుతుంది. 11.86 అని కచ్చితంగా చెబితే లెక్కల మాస్టార్లు సంతోషిస్తారు.

మృగశిర కింద కత్తిలా వేలాడే చుక్కల్లో మసక మచ్చలాంటి నెబ్యులా ఉంది. దూరం దాదాపు 1,350 కాంతి సంవత్సరాలు. కాంతి సంవత్సరం అంటే ఏమిటని అడిగినవాళ్ళకి, "వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నప్పుడు బయల్దేరిన వెలుగు ఇప్పుడు మీ కంట్లో పడింది" అంటే చాలు.

పగటి పూట పనులు

రాత్రి రాలేని ఆడపిల్లల కోసం, స్కూలు పిల్లల కోసం పగటి కార్యక్రమాలు తప్పనిసరిగా పెట్టుకోండి. మాకు అన్నిటికన్నా ఖర్చు తక్కువైనది నీడ లేని రోజు. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్ళకి ఏడాదిలో రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. హైదరాబాద్‌లో మే 9న పన్నెండూ పన్నెండుకి, ఆగస్టు 3న పన్నెండూ ఇరవై మూడుకి. గుంటూరు, విజయవాడల్లో మే 5, 6 తేదీల్లో, మళ్ళీ ఆగస్టు 7 ప్రాంతంలో. ఒక పైపు ముక్క తెచ్చి, మేస్త్రీ దగ్గరుండే రసమట్టంతో నేల సరిచూసి నిలబెట్టండి. నిమిషం నిమిషానికీ నీడ చివర సుద్దతో గుర్తు పెట్టించండి. ఆ నిమిషానికి నీడ పైపు కిందికి దూరిపోతుంది. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, మే నెలలో సెలవులు. ఊళ్ళో ఉన్న పిల్లల్ని పోగెయ్యండి, మజ్జిగ పెట్టండి.

ఇంకో ఊళ్ళో క్లబ్బుతో స్నేహం ఉంటే భూమి చుట్టుకొలత కొలవొచ్చు. ఆదిలాబాద్, చిత్తూరు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఒకే రోజు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణంలో, రెండుచోట్లా మీటరు కర్ర నీడ కొలవండి. నీడ పొడవు నుంచి సూర్యుడి కోణం వస్తుంది. రెండు కోణాల తేడా ఆరున్నర డిగ్రీలకి కొంచెం తక్కువగా రావాలి. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణంగా తిన్నని దూరం సుమారు 715 కిలోమీటర్లు. 360ని ఆ తేడాతో భాగించి 715తో గుణించండి. నలభై వేల కిలోమీటర్ల దగ్గరకి వస్తుంది. అటూ ఇటూ రెండు వేలు పోయినా పిల్లలు గంతులేస్తారు. గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ రెండు వేల ఏళ్ళకి పైగా కిందట చేసిన లెక్క ఇదే.

చంద్రుడి దూరం చూపించడానికి ఒక బత్తాయి, ఒక ఉసిరికాయ చాలు. బత్తాయి భూమి, ఉసిరికాయ చంద్రుడు. రెంటినీ ఎంత దూరంలో పట్టుకోవాలో పిల్లల్ని అడగండి. అందరూ జానెడు దూరంలో పెడతారు. ఎనిమిది అడుగులు పెట్టాలి. అదే లెక్కలో సూర్యుడు దాదాపు కిలోమీటరు దూరంలో, మేడంత ఉంటాడు.

గ్రహణం రోజున మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. సూర్యగ్రహణానికి ఐఎస్ఓ 12312-2 గుర్తున్న కళ్ళద్దాలు, లేదా 14 నంబర్ వెల్డింగ్ గ్లాసు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, పేడ నీళ్ళలో ప్రతిబింబం వద్దే వద్దు. అద్దాలు లేనివాళ్ళకి జల్లెడ ఎండలో పట్టి చూపించండి, ప్రతి కన్నంలోంచీ ఒక్కో నెలవంక నేలమీద పడుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టే ఆచారం ఇంకా ఉంది కదా. దాన్ని వెక్కిరించకండి. గ్రహణం అయిపోయిన మూడో రోజు అదే రోకలి, అదే పళ్ళెం, అదే ఇంటావిడ చేత నిలబెట్టించండి. కింద పొన్ను చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. ఆవిడే వీధంతా చెబుతుంది.

వీలైతే 1868 కథ చెప్పండి. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగుని ఇక్కడే రంగులుగా విడదీసి వర్ణపటంలో చూశాడు, గ్రహణం లేకుండా కూడా వాటిని చూడొచ్చని మర్నాడే తేల్చాడు. సూర్యుడి వర్ణపటంలో అప్పుడు గుర్తించిన పసుపు గీతకి తర్వాత హీలియం అని పేరొచ్చింది. గుంటూరంటే మిరపకాయలే అనుకునే పిల్లలు ఈ మాటకి నోరు తెరుస్తారు. విశాఖవాళ్ళకైతే గొడే వెంకట జగ్గారావు 1840లో కట్టించుకున్న అబ్జర్వేటరీ కథ ఉంది, హైదరాబాద్‌వాళ్ళకి 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ కథ ఉంది. ఎవరి ఊరి కథ వాళ్ళు చెప్పుకోవాలి.

వానాకాలంలో వార్తలు

మబ్బు నెలల్లో క్లబ్బుని బతికించేది అంతరిక్ష వార్తలే. వారానికి ఒకసారి, ఎవరింట్లోనైనా, టీతో పాటు పావుగంట. ఒక్కోవారం ఒక్కరు ఒకే వార్త తేవాలి. తెచ్చేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, మన ఊళ్ళో కనపడేదేనా, కంటితోనా టెలిస్కోప్‌తోనా.

తేదీ ఎంత ముఖ్యమో 2024 వైఆర్4 అనే గ్రహశకలంతో మాకు తెలిసొచ్చింది. 2024 డిసెంబర్ చివర్లో కనిపెట్టారు. 2032 డిసెంబర్ 22న భూమిని తాకే అవకాశం ఉందన్నారు, ఆ అంచనా 2025 ఫిబ్రవరిలో మూడు శాతం దాటింది. అదే నెలలో ఇంకొన్ని పరిశీలనలు రాగానే దాదాపు సున్నాకి పడిపోయింది. మూడు శాతం వార్త మాత్రం నెలల తరబడి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. మా గ్రూపులో అప్పటి నుంచి ఒకటే నియమం: తేదీ లేని వార్త పెట్టకూడదు. అంచనా మారితే పాత మెసేజ్ కిందే మారిందని రాయాలి.

ఏటా వచ్చే పుకార్లకి జవాబులు ముందే రాసి పెట్టుకోండి. ఆగస్టు 27న కుజుడు చంద్రుడంత కనపడతాడన్నది 2003 నుంచి తిరుగుతోంది. ఆ రోజు కుజుడు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరానికి వచ్చిన మాట నిజం, చుక్కలాగే కనపడ్డ మాట కూడా నిజం. ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటి అని ఒకటి 2025లో వచ్చింది. అసలు సంపూర్ణ గ్రహణం 2027 ఆగస్టు 2న. ఆ ఆరు నిమిషాల పైచిలుకు చీకటి ఈజిప్టులో లక్సర్ దగ్గర, అదీ సన్నని పట్టీలోనే.

ఇంగ్లీషు వార్త తెలుగులో చెప్పేటప్పుడు అంకెలు మార్చండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. మైళ్ళని 1.6తో గుణించి కిలోమీటర్లు చెయ్యండి. ఆ లెక్క తప్పకుండా ఇద్దరు చూడాలి, మేమొకసారి సూర్యుణ్ణి పది రెట్లు దూరం నెట్టేశాం.

ఇస్రో వార్తలకి మనకి ఇంకో సదుపాయం ఉంది, శ్రీహరికోట మన గడ్డ మీదే ఉంది. 2025 జనవరి 29న జీఎస్ఎల్వీ-ఎఫ్15 రాకెట్టుతో అక్కడి ప్రయోగాలు వంద పూర్తయ్యాయి. ప్రయోగం చూసే గ్యాలరీకి ఇస్రో వెబ్‌సైట్లో ముందే పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తీసుకెళ్ళాలి. రైల్లో అయితే సూళ్ళూరుపేటలో దిగాలి. వాయిదా పడుతుందని మనసులో పెట్టుకునే బయల్దేరండి, తిరుగు టిక్కెట్టు ఆ రోజుకే తీసుకోకండి. ఆగస్టు 23, జాతీయ అంతరిక్ష దినం, ఎలాగూ వానల్లోనే వస్తుంది. 2023లో చంద్రయాన్-3 దిగిన రోజు అది. సాయంత్రం 6:04కి, దిగిన నిమిషానికే, ల్యాండింగ్ వీడియో మళ్ళీ వేస్తే హాలంతా మళ్ళీ ఊపిరి బిగపడుతుంది, ఫలితం తెలిసి కూడా.

మబ్బు విడిచిన సాయంత్రం ఉంటే భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం చూపించండి. హెవెన్స్ అబవ్ లాంటి సైట్లో మీ ఊరు పెడితే నిమిషాలతో సహా వస్తుంది. నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున, గంటకి ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్ల వేగంతో, దీపం మినుకు మినుకుమనకుండా నాలుగైదు నిమిషాల్లో దాటిపోతుంది. టెలిస్కోప్ అక్కర్లేదు, డాబా చాలు. 2025 జూన్, జులైలలో శుభాంశు శుక్లా అందులో ఉన్నప్పుడు మా వీధిలో పిల్లలు చేతులూపారు.

ముందే రాసి పెట్టుకోవలసిన తేదీ ఒకటి: 2028 డిసెంబర్ 31. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం, దాదాపు 10:20కి నట్టనడుమ. మంచి సీజన్, చంద్రుడు పైన, జనం కొత్త సంవత్సరం కోసం ఎలాగూ మేలుకుని ఉంటారు. పౌర్ణమి మీద నాకున్న కోపం ఆ ఒక్క రాత్రికి పక్కన పెడతాను.

సర్దేటప్పుడు

కార్యక్రమం అయిపోగానే హడావిడిగా మూతలు బిగించెయ్యకండి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో అద్దం మీద, ఐపీస్ మీద మంచు పట్టి ఉంటుంది. గుడ్డతో తుడవకూడదు, గీతలు పడతాయి. ఇంటికి తెచ్చి, మూతలు తీసి, గొట్టాన్ని పడుకోబెట్టి, ఫ్యాను వెయ్యకుండా తెల్లారేదాకా వదిలెయ్యండి. ఐపీసులు లెక్కపెట్టుకోండి, రెండు తీసుకెళ్తే రెండు రావాలి. మాది ఒక 10 మిల్లీమీటర్లది ఆ గ్రౌండ్‌లోనే పోయింది. మర్నాడు పొద్దున గేదెలు మేపుకునే కుర్రాడు తెచ్చిచ్చాడు, "ఇందులోంచి చూస్తే ఏమీ కనపడట్లేదన్నా" అంటూ. అష్టమి నాడు రమ్మన్నాం.